పాత స్పోర్ట్స్ కారు: విప్పేసి ఉన్నది కొని పునరుద్ధరించాలా, నడుస్తున్నది కొనాలా?

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో మీరే చూసుకోండి. మీరు రెండు ఎంజీబీలు (బ్రిటన్‌కు చెందిన ఎంజీ కంపెనీ పాత స్పోర్ట్స్ కారు) చూశారు. మొదటిది పూర్తిగా విప్పేసి ఉంది. బాడీ ఒక మూల, ఇంజిన్ ఇంకో మూల, మిగతాదంతా డబ్బాల్లో. ధర బాగా తక్కువ. రెండోది రంగు వెలిసిపోయి, సీట్లు చిరిగి ఉంది కానీ నడుస్తోంది. ధర దాదాపు రెట్టింపు. పానాలు పట్టుకున్న అనుభవం మీకు పెద్దగా లేదు. వారాంతాల్లో మాత్రమే ఖాళీ. "మొదటిది కొని నట్టూ బోల్టూ నేనే బిగిస్తే డబ్బూ మిగులుతుంది, పనీ వస్తుంది కదా?" అని అడిగారు.

రెండోదే కొనండి. కొన్నాక దాన్ని పూర్తిగా విప్పకండి. నడుపుకుంటూనే ఒక్కొక్క భాగం బాగుచేసుకోండి. అయితే ఒక షరతు ఉంది. దాని అడుగు భాగంలో, తలుపుల కింద రేకు గట్టిగా ఉండాలి. అది లేకపోతే రెండూ వదిలేయండి.

నేను చాలా ఏళ్లుగా ఒక ఎంజీబీ ఉంచుకున్నాను. స్నేహితుల ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఫియట్ 124 స్పైడర్ మీద కూడా పనిచేశాను. విప్పిన కారు కొని పూర్తిచేసినవాళ్లు నాకు తెలుసు, కానీ వాళ్లలో ఎక్కువమందికి అది మొదటి కారు కాదు. మొదటి కారే విప్పినది కొన్నవాళ్లు చాలామంది దాన్ని అదే డబ్బాలతో ఇంకొకరికి అమ్మేశారు. మీరు చూసిన మొదటి కారు కూడా అలా చేతులు మారి వచ్చిందేమో అమ్మేవాళ్లను అడిగి చూడండి.

విప్పిన కారులో అసలు ఇబ్బంది పని ఎక్కువని కాదు, ఆ కారు గురించి ఎవరికీ పూర్తిగా తెలియదని. ఇంజిన్ తిరిగితే ఏం శబ్దం వస్తుందో, రెండో గేరు పడేటప్పుడు గరగర అంటుందో లేదో, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతుందో లేదో చెప్పేవాళ్లు ఉండరు. డబ్బాల్లో అన్ని సామాన్లూ ఉన్నాయని అమ్మేవాళ్లు నిజాయితీగానే అనుకోవచ్చు. కానీ విండ్‌స్క్రీన్ ఫ్రేము బోల్టులు, టాప్ మడిచే క్లిప్పులు, హీటర్ వాల్వు బ్రాకెట్టు లాంటి చిన్నవి లేవని తెలిసేది బిగించే రోజునే. మీరే విప్పిన భాగమైతే ఏ బోల్టు ఎక్కడిదో, ఏ వాషరు ముందు పడుతుందో చేతికి గుర్తుంటుంది, ఫొటోలు కూడా ఉంటాయి. ఇంకొకరు విప్పిన కారుకు అది ఉండదు.

ఇంకోటి, ఉత్సాహం నిలబడాలి. అలవాటు నిలిచేది కారు నడిపితేనే. సాయంత్రం టాప్ తీసి ఒక గంట తిరిగొస్తే, వచ్చే వారం దాని కిందకి దూరి గ్రీజు మరకలు పూసుకోవడానికి మనసొప్పుతుంది. కదలని బాడీ చుట్టూ తిరుగుతూ ఏళ్లు గడిస్తే ఆ ఇష్టమే విసుగ్గా మారుతుంది. దీన్ని చాలా దగ్గరగా చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

ఇక తుప్పు విషయం. అన్నిటికంటే ఇదే ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఎంజీబీ 1962లో వచ్చింది, 1980 దాకా తయారైంది. దానికి విడిగా ఛాసిస్ లేదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే బరువంతా మోస్తుంది. పైన గట్టి రేకు టాప్ లేదు కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునేది ఎక్కువగా తలుపుల కింద పొడుగ్గా సాగే సిల్స్, మధ్యలో గేర్‌బాక్స్ మీదుగా వెనక్కి సాగే టన్నెల్ అనే ఉబ్బెత్తు రేకు. సిల్ అంటే బయటికి కనిపించే ఒక్క రేకు కాదు. బయటి రేకు, మధ్యలో నిలువుగా ఒక రేకు, లోపలి రేకు, కింద క్యాజిల్ రెయిల్ అనే ముక్క కలిసి ఒక బోలు పెట్టెలా ఉంటుంది. చక్రాలు విసిరే బురద, నీళ్లు ఈ పెట్టెలోకి చేరి, కిందున్న రంధ్రాలు మూసుకుపోతే అక్కడే నిలిచిపోతాయి. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. బయట రంగు మీద చిన్న పొక్కులు కనిపించేసరికే లోపల రేకు చాలావరకు పోయి ఉంటుంది.

అందుకే మెరిసే కొత్త రంగును నేను నమ్మను. వెలిసిన పాత రంగు కారు పరిస్థితిని దాచదు. కొత్త రంగు కింద లప్పం ఎంత మందాన ఉందో కంటికి కనిపించదు. చూడ్డానికి వెళ్లేటప్పుడు ఈ పనులు చేయండి:

తలుపు చుట్టూ సందు చూడండి. పైన, కింద, ముందు, వెనక సందు దాదాపు ఒకేలా ఉండాలి. తలుపు వెనక అంచు పై భాగంలో సందు ఇరుకై, కింద వెడల్పుగా ఉంటే బాడీ మధ్యలో కుంగిందని అనుమానించాలి. తర్వాత జాకీ పెట్టే చోట కారును నెమ్మదిగా ఎత్తి, మళ్లీ అదే సందు చూడండి. సందు మారినా, తలుపు పట్టేసినా సిల్ తన పని చేయడం లేదు. జాకీ పెట్టే చోటే రేకు కరకరమని లోపలికి పోతే ఇంకేం చూడక్కర్లేదు.

మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లండి. సిల్స్ మీద, తలుపు వెనక మడ్‌గార్డు కింది భాగం మీద, ముందు మడ్‌గార్డుల మీద ఆనించి చూడండి. అంటుకోని చోట కింద ఉన్నది లప్పమో ఫైబరో. రంగు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. 300 దాటితే మళ్లీ రంగు వేశారు. 1000 దాటితే దాదాపుగా లప్పమే.

సీట్ల వెనక కార్పెట్ ఎత్తండి. 1974 దాకా వచ్చిన ఎంజీబీల్లో రెండు 6 వోల్టుల బ్యాటరీలు అక్కడ కింద వేలాడే చిన్న పెట్టెల్లో ఉండేవి. వాటి ఆమ్లం, కిందనుంచి వచ్చే నీళ్లు కలిసి ఆ పెట్టెల్ని, పక్క రేకుల్ని తినేస్తాయి. అలాగే కాళ్లు పెట్టే చోట మ్యాట్ తీసి చేత్తో తడిమి చూడండి. తడిగా ఉంటే ఆ నీరు ఎక్కడినుంచి వస్తోందో కూడా వెతకాలి.

ఒక మోసం గురించి చెప్పాలి. సిల్ నిజానికి తలుపు దగ్గర ఆగదు. ముందు మడ్‌గార్డు కిందకీ వెనక మడ్‌గార్డు కిందకీ సాగుతుంది. సరిగ్గా మార్చాలంటే ముందు మడ్‌గార్డు బోల్టులు విప్పి తీయాలి, వెనక మడ్‌గార్డు కింది భాగం కోయాలి. చాలా పని. అందుకని కొందరు కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు తొడుగులా వెల్డింగ్ చేసి రంగు కొట్టేస్తారు. అది బరువు మోయదు, పైగా తేమను లోపల బంధిస్తుంది. గతంలో చేసిన సిల్ పనికి ఫొటోలు ఉన్నాయా అని అడగండి. నిజంగా చేయించినవాళ్లు గర్వంగా చూపిస్తారు.

సిల్స్ మార్చేటప్పుడు తలుపుల ఖాళీలో ఇనప పట్టీలు అడ్డంగా వెల్డింగ్ చేసి, బాడీ కదలకుండా నిలబెట్టాకే కొయ్యాలి. లేకపోతే కోసిన మరుక్షణం బాడీ కొద్దిగా కుంగుతుంది. ఆ కుంగినప్పుడే కొత్త సిల్ అతికిస్తే ఆ వంకర శాశ్వతం. స్నేహితుడి కారు ఒకటి ఒక షెడ్డు నుంచి అలాగే తిరిగొచ్చింది. రంగు అద్దంలా ఉంది, తలుపులు మాత్రం పడవు. మళ్లీ కోసి, నిలబెట్టి, అతికించాల్సి వచ్చింది. అందుకే మీ మొదటి కారు, అంటే విప్పేసినది, ఎవరు ఎలా ఆనించి ఉంచారో కూడా నాకు అనుమానమే. బలహీనమైన సిల్స్ ఉన్న బాడీని ఏళ్ల తరబడి రెండు చివర్ల మీద నిలబెట్టి ఉంచితే అది వంగిపోవచ్చు.

బాడీ పూర్తిగా పోయినా దారి లేదని కాదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి పాత డైలతోనే (రేకును అచ్చు వేసే దిమ్మెలు) ఎంజీబీకి కొత్త బాడీ షెల్లులు తయారుచేస్తోంది. కానీ కొత్త షెల్లు తెచ్చుకుంటే మొత్తం కారును ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చాలి, రంగు వేయించాలి. అది మొదటి ప్రయత్నానికి తగిన పని కాదు.

వేరే కార్ల వైపు మనసు పోతే, అక్కడా ఇదే ప్రశ్న వేసుకోండి: బరువు మోసేది ఏది, నీళ్లు నిలిచేది ఎక్కడ? స్పిట్‌ఫైర్‌కు విడి ఛాసిస్ ఉంది కాబట్టి కొంత సులువు, అయినా దాని సిల్స్ కూడా బలానికి అవసరమే. లోటస్ ఎలాన్ బాడీ ఫైబర్‌గ్లాస్, అది తుప్పు పట్టదు. కానీ లోపలున్న వెన్నెముక లాంటి ఛాసిస్ ఉక్కు. పైకి లేచే హెడ్‌లైట్లకు కావలసిన వాక్యూమ్‌ను ఆ ఛాసిస్ ముందు అడ్డ భాగంలోనే నిల్వ ఉంచారు. అక్కడ తుప్పు పడితే లైట్లు లేవడం మానేస్తాయి, అదే మొదటి హెచ్చరిక. డాట్సన్ 240జెడ్ ఇంజిన్ చాలా గట్టిది, కానీ బ్యాటరీ కింది రేకు, ఫ్లోరు, ఛాసిస్ రెయిల్స్ చూడకుండా కొనకూడదు. పోర్షా 911 బాడీకి జింకు పూత 1976 మోడల్ నుంచి వచ్చింది కాబట్టి అంతకు ముందువి మరింత జాగ్రత్తగా చూడాలి.

ఇంజిన్ గురించి మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నట్టున్నారు. నిజానికి రేకుతో పోలిస్తే ఇది సులువైన భాగం. ఎంజీబీలో ఉన్నది 1798 సీసీ బీ-సిరీస్ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు (కొన్ని దేశాలకు వెళ్లిన తర్వాతి కార్లలో వేరే రకం కార్బురేటర్ ఒకటే). సాదా ఇనప ఇంజిన్, విడిభాగాలు దొరుకుతాయి, పుస్తకం చూసి నేర్చుకోవచ్చు.

కొనేముందు కంప్రెషన్, అంటే సిలిండరులో పిస్టన్ పుట్టించే ఒత్తిడి, చూడండి. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొడుతూ ఒక్కో సిలిండరు కొలవాలి. అంకె ఎంతన్న దానికంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. పది శాతం తేడా వరకు ఫర్వాలేదు. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పై మూతైన హెడ్ కింద వేసే పట్టీ) పోయి ఉండొచ్చు. వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషరు 50 పీఎస్‌ఐ, ఆపైన ఉంటే సంతోషించండి. ఐడ్లింగ్‌లో 15-25కి పడిపోవడం మామూలే.

టెస్ట్ డ్రైవ్‌లో ఒకటి గుర్తుంచుకోండి. 1967 చివర్లో కొత్త గేర్‌బాక్స్ వచ్చేవరకు ఎంజీబీ మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు పళ్లు శబ్దం లేకుండా కలిసేలా వేగాలను సమం చేసే భాగం) లేదు. కదులుతుండగా మొదటి గేరు వేస్తే గరగరమంటుంది, అది లోపం కాదు. రెండో గేరులో గరగరమన్నా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు దానంతటదే బయటికి జారినా అది లోపమే. గేర్‌బాక్స్ సంగతి ఎందుకు పట్టించుకోవాలంటే, ఈ కారులో గేర్‌బాక్స్ తీయాలన్నా, క్లచ్ మార్చాలన్నా ఇంజిన్ బయటికి రావాలి. ఎప్పుడైనా ఇంజిన్ దించితే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి మార్చేయండి. రిలీజ్ బేరింగు ఒక్కటి మిగిలిపోయి, దానికోసం మళ్లీ ఇంజిన్ దించడం కంటే బాధ లేదు.

ఆ పాత కార్లలోనే ఇంకో తేడా ఉంది. 1967 వరకు వచ్చినవాటిలో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి ఎర్త్ చేసి ఉంటుంది. చూసుకోకుండా కొత్త రేడియోనో ఛార్జరో తగిలిస్తే కాలిపోతుంది. తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి సంవత్సరాన్ని నమ్మకుండా బ్యాటరీ వైర్లు చూసి నిర్ధారించుకోండి.

సరే, కారు ఇంటికి వచ్చింది. ఏది ముందు? చాలామంది సీట్లు, స్టీరింగు, క్రోమ్ మొదలుపెడతారు. నేను మాత్రం ముందు ఆగడం, తర్వాత అంటుకోకుండా ఉండటం, ఆ తర్వాతే పరిగెత్తడం అంటాను.

ఆగడం అంటే బ్రేకులు. రబ్బరు గొట్టాలు బయటికి బాగానే కనిపించినా లోపల ఉబ్బి మూసుకుపోతాయి. అప్పుడు బ్రేకు వేస్తే పడుతుంది, వదిలితే వదలదు. వాటి వయసు తెలియకపోతే మార్చేయండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. డాట్ 4 వాడే కారులో సిలికాన్‌తో చేసిన డాట్ 5 కలపకూడదు, పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరపడకండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ ధూళిని గాలితో ఊదకండి, తడిపి తుడవండి.

టైర్లు కూడా ఇందులోకే వస్తాయి. అరగని టైరు మంచిదని అనుకోవద్దు. పక్క గోడ మీద డాట్ (DOT) అక్షరాల తర్వాత చివర్లో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. చివర్లో మూడంకెలే ఉంటే అది 2000కు ముందు తయారైంది. వేరే ఆలోచన లేకుండా తీసేయండి. పదేళ్లు దాటిన టైరు మీద నేను నడపను, గాడులు ఎంత లోతుగా ఉన్నా.

అంటుకోవడం గురించి. బీ-సిరీస్ ఇంజిన్‌లో కార్బురేటర్లూ ఎగ్జాస్టూ ఒకే పక్కన ఉంటాయి. పెట్రోలు కారితే పడేది వేడి గొట్టాల వైపే. అందుకే కార్బురేటర్లలో పెట్రోలు నిలిచే ఫ్లోట్ ఛాంబర్ల నుంచి కిందకి పోయే ఓవర్‌ఫ్లో గొట్టాలు వాటి స్థానంలో ఉన్నాయో లేదో చూడండి. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్‌కు పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి, పగులుతాయి. ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని రాసి ఉన్న గొట్టాలు వేయించుకోండి. ఆ పని తేలిక, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. కారులో మంటలార్పే సిలిండరు ఒకటి చేతికందే చోట పెట్టుకోండి.

ఇక పరిగెత్తడం. ఇంజిన్ తడబడితే అందరి చెయ్యీ ముందు కార్బురేటర్ మీదికే పోతుంది. ఎస్‌యూ కార్బురేటర్‌లో కదిలే భాగాలు చాలా తక్కువ. ఊరికే పాడవదు. నేను ఎప్పుడూ ఒకే వరసలో వెళ్తాను: ముందు వాల్వు క్లియరెన్సు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఖాళీ), ఎంజీబీకి చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళాలు. తర్వాత పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకునే కాంటాక్టులు) గ్యాపు, అదీ దాదాపు అంతే, 0.014 నుంచి 0.016. ఆపైన స్పార్క్ టైమింగు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే కార్బురేటర్ ముట్టుకుంటాను. అక్కడికి వచ్చేసరికి చాలాసార్లు కార్బురేటర్‌తో పనే ఉండదు. కండెన్సర్లు, రోటర్ ఆర్మ్‌లు ఇప్పుడు కొత్తగా తయారవుతున్నవన్నీ ఒకే నాణ్యతతో లేవు. పాతవి పనిచేస్తుంటే పారేయకుండా డిక్కీలో దాచుకోండి.

వైరింగు చూసి భయపడేవాళ్లు ఎక్కువ. బ్రిటిష్ కార్ల వైర్ల రంగులకు ఒక పద్ధతి ఉంది, అది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. గోధుమరంగు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. తెలుపు ఇగ్నిషన్ వేస్తే వస్తుంది. ఆకుపచ్చ అదే ఇగ్నిషన్ కరెంటు, కానీ ఫ్యూజు దాటాక. ఊదా ఎప్పుడూ ఉండే కరెంటు, ఫ్యూజుతో. నలుపు ఎర్త్. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మసకబారడం, హెడ్‌లైటు వేస్తే ఇంకేదో వెలగడం లాంటి వింతలన్నిటికీ ముందు వెతకాల్సింది నలుపు వైరు చివరనే. ఎర్త్ బోల్టు విప్పి, కింద రేకును మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించండి. కొత్త వైరింగు కొనేముందు ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ కూడా చూడండి.

సీసం లేని పెట్రోలు గురించి కూడా అడిగారు. ఈ ఇంజిన్లు సీసం కలిసిన పెట్రోలు ఉన్న రోజుల్లో తయారయ్యాయి. అది లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటు కాలక్రమంలో అరిగి, వాల్వు లోపలికి కుంగుతుంది. ఇది ఒక్కరోజులో జరగదు. వాల్వు క్లియరెన్సు మీరు సరిచేసిన కొద్దికాలానికే మళ్లీ తగ్గిపోతుంటే అది మొదలైందని గుర్తు. ఇంకేదైనా పనికి హెడ్ విప్పినప్పుడు గట్టిపరిచిన సీట్లు వేయించండి. బాగున్న హెడ్‌ను అందుకోసమే విప్పక్కర్లేదు. ఆయిల్ విషయంలో మాత్రం జింకు తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 రకం వాడండి. కామ్‌షాఫ్టూ టాపెట్లూ రాసుకుంటూ తిరిగే ఇంజిన్లకు అది కావాలి. కొత్త కార్ల కోసం చేసిన పలుచటి ఆయిల్ వీటికి సరిపడదు.

ముందు చక్రాల కింగ్‌పిన్‌లకు (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే నిలువు పిన్నులు) గ్రీజు మరిచిపోకండి. 3000 మైళ్లకోసారి అని మాన్యువల్ చెప్తుంది. బరువు చక్రాల మీద లేకుండా కారు ఎత్తి కొడితే గ్రీజు లోపలి దాకా వెళ్తుంది.

ఇక్కడే మూడు హెచ్చరికలు. జాకీ ఎత్తడానికి మాత్రమే. దాని ఆధారంతో కారు కిందకి ఎప్పుడూ దూరకండి, గట్టి నేల మీద స్టాండ్లు వేసి, కారును తోసి చూశాకే దూరండి. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసి నెలలైనా సరే, దానికి ఇంట్లో వెల్డింగ్ చేయవద్దు. ఆవిరి మిగిలి ఉంటే పేలుతుంది. గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే రెండు భాగాల రంగుల్లో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి, మామూలు మాస్కు ఆపలేదు. ఆ పని సరైన స్ప్రే బూత్ (రంగు కొట్టే ప్రత్యేక గది) ఉన్న పెయింటర్లకు వదిలేయండి. లోపలి రేకులకు మైనం కొట్టడం, క్రోమ్ తుడవడం, సీట్లు కుట్టించుకుని బిగించడం లాంటివి మీరే చేసుకోవచ్చు.

"అసలు రూపం" ఎంత కాపాడాలని అడిగారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. గట్టిగా ఉన్న పాత రంగు, వాడుకలో నునుపెక్కిన తోలు, ఫ్యాక్టరీ వెల్డింగు గుర్తులు, ఇవి ఒకసారి తీసేస్తే ఏ డబ్బుతోనూ తిరిగి రావు. కాబట్టి కొత్తదానిలా మెరిపించాలన్న తొందర వద్దు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కనీసం 30 ఏళ్లు దాటి, చారిత్రకంగా సరైన స్థితిలో కాపాడుకున్న, రోజువారీ ప్రయాణానికి వాడని వాహనాన్నే చారిత్రక వాహనం అంటుంది. అందులో "కాపాడుకున్న" అన్న మాట నాకు చాలా ఇష్టం. భద్రతకో నమ్మకానికో మార్పు చేయాలంటే, వెనక్కి మార్చుకోగలిగేలా చేయండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోండి, పాత పాయింట్లు దాచండి. పెద్ద ఇంజిన్ పట్టడానికి ముందు రేకులు కోయడం లాంటివి నేను చేయను, మిమ్మల్నీ వద్దంటాను.

డబ్బు గురించి ఒక్క మాట. పూర్తి పునరుద్ధరణకు అయ్యే ఖర్చు సాధారణంగా ఆ కారు విలువను దాటిపోతుంది. అందులో పెద్ద వాటా రేకు పనిదీ రంగుదీ. అందుకే ఆ పనులు ముందే బాగా జరిగిన కారుకు ఎక్కువ పెట్టడం లాభం. అమ్మినప్పుడు తిరిగి వస్తుందన్న లెక్కతో మాత్రం ఇందులోకి రావద్దు. మీ దగ్గరున్న మొత్తాన్నంతా కొనడానికే పెట్టేయకుండా, బ్రేకులకూ టైర్లకూ గొట్టాలకూ కొంత పక్కన ఉంచుకోండి.

పనిని ఎలా విభజించుకోవాలంటే, ఒక్కసారి ఒక్క వ్యవస్థే విప్పండి. ఈసారి ముందు సస్పెన్షన్, అది బిగించి రోడ్డెక్కాకే తర్వాతిది. ఒక పనిలో ఉండగా ఇంకోటి కనిపిస్తుంది. "ఎలాగూ విప్పాం కదా, ఇదీ చేసేద్దాం" అనిపిస్తుంది. నడుస్తున్న కారు డబ్బాల్లోకి చేరేది అలాగే. కనిపించిన దాన్ని పుస్తకంలో రాసుకుని, చేతిలో ఉన్నది పూర్తిచేయండి. నడపని వారాల్లో ఊరికే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయకండి. ఆయిలూ సైలెన్సరూ పూర్తిగా వేడెక్కకపోతే లోపల చేరిన తేమ అక్కడే ఉండిపోతుంది. రెండు వారాలకోసారైనా అరగంట రోడ్డు మీద నడపండి, లేదా అస్సలు కదిలించకండి.

ఇంత చదివాక "నాకు నడపడమే ముఖ్యం, తరచూ సర్దుకోవడం కష్టం" అనిపిస్తే సిగ్గుపడాల్సింది లేదు. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 చూడండి. చిన్న రెండు సీట్ల కారు, వెనక చక్రాలకు శక్తి, ఫ్యూయల్ ఇంజెక్షన్. తలుపు వెనక, చక్రం ముందున్న సిల్ చివర తుప్పు చూడాలి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అడగాలి. తొలి 1.6 ఇంజిన్లలో కొన్నిటికి క్రాంక్‌షాఫ్ట్ ముందు చివర (ముక్కు) పొట్టిగా ఉండి, ముందు పుల్లీ బోల్టు వదులైతే పుల్లీ జారకుండా పట్టే కీ అనే చిన్న ముక్క అరిగిపోయే సమస్య ఉంది. పుల్లీ ఊగుతుందేమో ఇంజిన్ తిరుగుతుండగా చూడండి. ఇవి తప్పితే మొదటి కారుగా దానికంటే మంచిది చెప్పడం నాకు కష్టం.

మీరు చూసిన రెండో ఎంజీబీకే తిరిగి వెళ్తే: పగటి వెలుతురులో, వాన లేని రోజు చూడండి. ఇంజిన్ చల్లగా ఉంచమని ముందే చెప్పండి. వేడెక్కించి ఉంచితే స్టార్టింగు కష్టం, తొలి పొగ, రెండూ మీకు తెలియవు. టార్చి, అయస్కాంతం, కిందకి దూరడానికి పాత దుప్పటి, కంప్రెషన్ గేజి తీసుకెళ్లండి. సిల్స్, ఫ్లోరు, బ్యాటరీ పెట్టెలు, జాకీ చోట్లు గట్టిగా ఉంటే చిరిగిన సీట్లూ వెలిసిన రంగూ చూపించి బేరమాడి కొనేయండి. మొదటి కారు అమ్మేవాళ్లు గేర్‌బాక్సో, కార్బురేటర్లో విడిగా ఇస్తానంటే స్పేర్లుగా అవి తీసుకోవచ్చు. సిల్స్ మెత్తగా ఉంటే మాత్రం, ఇంజిన్ ఎంత తియ్యగా తిరిగినా వెనక్కి వచ్చేయండి. ఎంజీబీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి, ఇంకోటి దొరుకుతుంది.